మూత పెట్టాక ఆరు గంటలు

మధ్యాహ్నం ఒంటిగంటకి రాయదుర్గం మెట్రో స్టేషన్ చుట్టుపక్కల ఏ ఆఫీసు భవనంలోకి వెళ్ళినా మైక్రోవేవ్ ఉన్న మూలను కళ్ళు మూసుకుని కనిపెట్టవచ్చు. ఇంగువ, వేగిన వెల్లుల్లి, ఎక్కడో కాస్త చేపల పులుసు. వరసలో నిలబడ్డవాళ్ళ చేతుల్లో గాజు గిన్నెలు, స్టీలు బాక్సులు. పదేళ్ళకు పైగా నేనూ ఆ వరసలో నిలబడుతున్నాను. బల్ల చుట్టూ చేరి మూతలు తీశామంటే తెలుగు జిల్లాలన్నీ ఒక్కచోట పరుచుకుంటాయి. శ్రీకాకుళం నుంచి వచ్చినావిడ బాక్సులో బెల్లం వేసిన ఆనపకాయ పులుసు, గుంటూరు వాళ్ళ దగ్గర గోంగూర పప్పు, భీమవరం అబ్బాయి దగ్గర నిన్నటి చేపల పులుసు, కరీంనగర్ తమ్ముడి దగ్గర మామిడికాయ తొక్కు, అనంతపురం వాళ్ళ దగ్గర పల్లీల పొడి.

ఆ బల్ల దగ్గర జీతాల ఊసు, ట్రాఫిక్ ఊసు ఐదు నిమిషాల్లో ముగిసిపోతాయి. "మీరు ఏ బియ్యం వాడతారండీ?" అని ఎవరైనా అడిగితే మాత్రం అరగంట గడుస్తుంది. పప్పులో చింతపండా టమాటానా, ఆవకాయకి నువ్వుల నూనా పల్లీ నూనా, పెరుగన్నంలో పాలు ఎంత కలపాలి. చివరికి ఎవరో ఒకరు "ఎవరి ఇష్టం వాళ్ళది" అంటూ చెయ్యి కడుక్కోవడానికి లేస్తారు.

ఆ మాటతో నాకెప్పుడూ తృప్తి కలగలేదు. ఉదయం ఏడింటికి మూత పెట్టిన బాక్సు ఒంటిగంటకి తెరుచుకుంటుంది. ఆ ఆరు గంటలూ లోపల అన్నం, పప్పు, పులుసు ఊరికే కూర్చోవు, నిమిషనిమిషానికీ మారుతుంటాయి. పొయ్యి మీంచి నేరుగా కంచంలోకి వడ్డించుకునేవాళ్ళకి ఏ బియ్యమైనా, ఏ పులుపైనా నడుస్తుందేమో. పొలానికి సద్ది కట్టిన ఇల్లాలికి నడవలేదు, ఆఫీసుకి బాక్సు కట్టే మనకీ నడవదు. మన వంటింటి పట్టింపుల్లో చాలావాటి మూలం నడుమ గడిచే ఈ గంటల్లోనే ఉందని నా నమ్మకం. ఒక్కొక్క బాక్సే తెరిచి చూద్దాం.

మా బల్ల దగ్గర సన్నబియ్యం వైపు లేనివాళ్ళు లేరు. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, నలభై ఏళ్ళుగా మన కంచాన్ని ఏలుతోంది. దుకాణంలో కర్నూలు సోనా అని అడిగినా, సోనా మసూరి అని అడిగినా చాలాసార్లు సంచిలో ఉండేది అదే, లేదా దాని దగ్గరి చుట్టం. తెలంగాణ ఇళ్ళలో హెచ్‌ఎంటీ, జైశ్రీరాం పేర్లు కూడా వినిపిస్తాయి. హెచ్‌ఎంటీ అన్నప్పుడల్లా నాకు దాదాజీ ఖోబ్రగడే గుర్తొస్తారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు ఆయన. తన కొద్దిపాటి పొలంలో తక్కినవాటికి వేరుగా కనిపించిన వరి కంకుల్ని ఏరి, ఏళ్ళ తరబడి విడిగా పండించి ఆ రకాన్ని నిలబెట్టారు. ఆ రోజుల్లో జనం ముచ్చటపడిన చేతి గడియారం పేరే ఆ వడ్లకు పెట్టారు. సన్నబియ్యం మీద మనకున్న మక్కువ చిన్నది కాదు. 2025 ఉగాది నాడు తెలంగాణ ప్రభుత్వం రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యానికి బదులు సన్నబియ్యం ఇవ్వడం హుజూర్‌నగర్‌లో ప్రారంభించింది.

ఈ మక్కువకి బాక్సులో ఏం పని? బియ్యపు గింజలో ముప్పాతిక వంతుకు పైగా పిండిపదార్థమే. అందులో రెండు రకాల గొలుసులుంటాయి. అమైలోజ్ నిటారుగా సాగే దారం, అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా విరిసిన చెట్టు. నీళ్ళలో వేడి 70 డిగ్రీలకు అటూఇటూ చేరగానే పిండి రేణువులు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, గొలుసులు విడిపోతాయి. దాన్నే మనం అన్నం ఉడికిందంటాం. పొయ్యి దించాక తిరుగు ప్రయాణం మొదలవుతుంది. చల్లారుతున్నకొద్దీ అమైలోజ్ దారాలు మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి చేరి, మధ్యలో ఉన్న నీటిని బయటకు నెట్టి బిగుసుకుంటాయి. అమైలోజ్ మరీ ఎక్కువున్న బియ్యం ఒంటిగంటకి రాళ్ళలా తగులుతుంది. మరీ తక్కువున్న బియ్యం ముద్దయి గరిటెకి అంటుకుంటుంది. సాంబ మసూరి ఈ రెంటికీ నడుమ కుదురుకుంది. వేడిగా ఉన్నప్పుడు పలుకుపలుకుగా విడుతుంది, చల్లారాక కూడా చేతికి మెత్తగానే తగులుతుంది.

పాత బియ్యమే కావాలని పెద్దవాళ్ళు పట్టుబట్టడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. కొత్త బియ్యం అన్నం జిగురుగా, మెత్తగా వస్తుంది. ఆరు నెలలో ఏడాదో నిలవ ఉన్న గింజలో మాంసకృత్తులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడతాయి, కొవ్వులు విడివడి అమైలోజ్‌ను పట్టుకుంటాయి. దాంతో ఉడికేటప్పుడు గంజిలోకి దిగే పిండి తగ్గుతుంది, గింజ ఎక్కువ ఉబ్బుతుంది, విడివిడిగా ఉంటుంది. పులిహోర కలిపేవాళ్ళకి ఇంతకన్నా కావలసిందేముంది! మా బల్ల దగ్గర దీని గురించి రెండో అభిప్రాయం వినలేదు.

చల్లారి బిగుసుకున్న ఆ పిండిలో కొంత భాగం మన చిన్నపేగులోని ఎంజైములకు లొంగదు. దాన్ని నిరోధక పిండి అనవచ్చు. 2015లో వెలువడిన ఒక ఇండోనేషియా అధ్యయనంలో అప్పుడే వండిన 100 గ్రాముల అన్నంలో ఇది 0.64 గ్రాములుంటే, 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్ళీ వేడి చేసిన అన్నంలో 1.65 గ్రాములుంది. రెండో రకం తిన్నవారి రక్తంలో చక్కెర కూడా తక్కువగా పెరిగింది. ఈ ఒక్క లెక్క పట్టుకుని చల్లన్నం షుగర్‌కి మందని ప్రచారం చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. వంద గ్రాముల్లో ఒక గ్రాము తేడా అది. రోజంతా కుర్చీలో కూర్చునే మనకి అన్నం పరిమాణం తగ్గించుకోవడమూ, తగిన రకం ఎంచుకోవడమూ అంతకన్నా పనికొస్తాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది. 55 కి లోపుంటే తక్కువ కిందే లెక్క. మా బల్ల మీద ఇప్పుడు ఇద్దరి బాక్సుల్లో ఆ బియ్యమే.

రొట్టె తెచ్చుకునేవాళ్ళ కష్టం ఇంకొకటి. సాయంత్రాలు కొండాపూర్, కేపీహెచ్‌బీ రోడ్ల పక్కన పొయ్యి పెట్టుకుని ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కొడుతుంటారు. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి చపాతీ పిండిలా సాగదు. అందుకే మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. ఆ వేడికి కొంత పిండి అక్కడికక్కడే ఉడికి జిగురవుతుంది, ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. పెనం మీంచి తీసిన గంటలో అమృతం. బాక్సులో ఆరు గంటలుంటే అదే పిండి బిగుసుకుని అట్టలా తయారవుతుంది. దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టేముందు నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే వేడికి గొలుసులు మళ్ళీ వదులవుతాయి, కాసేపు మెత్తబడుతుంది.

బిగుసుకోవడం రుచికి సంబంధించిన విషయం. ఇక భయపడవలసిన విషయానికి వద్దాం. బియ్యంతో పాటు మట్టిలోంచి బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు వస్తాయి. సిద్ధబీజమంటే గట్టి కవచం తొడుక్కుని నిద్రపోతున్న స్థితి. అన్నం ఉడికే వేడి దాన్ని చంపలేదు, పైగా నిద్ర లేపుతుంది. అన్నం గోరువెచ్చబడ్డాక అది మొలిచి, అనువైన వేడిలో అరగంటకోసారి రెట్టింపవగలదు. దాని రకాల్లో కొన్ని వదిలే సెరియులైడ్ అనే విషం వాంతులు తెప్పిస్తుంది. ఆ విషానికి మైక్రోవేవ్ వేడి లెక్కే కాదు. 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా అది చెడదు. "వేడి చేసి తిన్నాను కదా, ఏం కాదు" అన్న ధైర్యం అందుకే పనికిరాదు. సూక్ష్మజీవి పెరగకముందే ఆపాలి.

ఎలా ఆపాలి? ఐదు డిగ్రీలకు కిందో, అరవైకి పైనో ఉంచవచ్చు. ఫ్రిజ్ లేని కాలంలో అది కుదిరే పని కాదు. మిగిలిన దారి పులుపు.

ఇక్కడే చింతపండు వస్తుంది. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ కొలబద్దలో 7 తటస్థం, కిందికి దిగేకొద్దీ పులుపు. అన్నం 6 నుంచి 7 మధ్య ఉంటుంది. చింతపండు గుజ్జు 3 కి అటూఇటూ. బాసిల్లస్ సీరియస్ పెరుగుదల 4.5 దగ్గరకు చేరేసరికి దాదాపు నిలిచిపోతుంది. ఆహారాన్ని డబ్బాల్లో నిలవచేసే పరిశ్రమ కూడా 4.6 నే హద్దుగా పెట్టుకుంది. పులిహోరకి పులుపు ఎంత బాగా పడితే అన్నం ఆ హద్దుకి అంత దగ్గరవుతుంది. పైన పోపు నూనె గింజగింజకీ పూత పూసి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. ప్రయాణానికి పులిహోర, గుడిలో ప్రసాదానికి పులిహోర, ఆఫీసులో ఆడిట్ రోజుల్లో మూడింటిదాకా తిండి దొరకదని తెలిసినప్పుడు మా బల్ల వాళ్ళందరి బాక్సుల్లోనూ పులిహోర. ఎవరూ ఎవరికీ చెప్పుకోకపోయినా అలాగే జరుగుతుంది.

చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది. దాని ప్రత్యేకత ఏమిటంటే చెట్టు దాన్ని తిరిగి వాడుకోలేదు. మామిడికాయ పండుతున్నప్పుడు అందులోని ఆమ్లాలు ఖర్చయిపోయి తీపి మిగులుతుంది. చింతకాయలో చక్కెర పెరిగినా ఆమ్లం అలాగే ఉండిపోతుంది. అందుకే పండిన చింతపండులో తీపీ పులుపూ రెండూ గాఢమే. నిమ్మరసం సంగతి వేరు. దాని పరిమళం ఆవిరయ్యే రకం, పొయ్యి మీద మరిగితే చేదు తిరుగుతుంది. నిమ్మకాయ పులిహోరకి పొయ్యి కట్టేశాకే రసం పిండమని చెప్పేది అందుకే. చింతపండు పులుసుని మాత్రం ఎంతసేపు మరిగించినా దాని పులుపు చెక్కుచెదరదు, ఇంకా చిక్కబడుతుంది.

చింతచెట్టు మూలం ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులంటారు. అరబ్బులు దాని పండుని హిందూ దేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు పేరు అందులోంచి పుట్టింది. ఎక్కడి నుంచి వచ్చినా మన చెట్టే అయిపోయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదుని ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చింతపండు నానబెట్టేటప్పుడు ఆ సంగతి గుర్తొస్తే గిన్నెని కాస్త గౌరవంగా పట్టుకోవాలనిపిస్తుంది నాకు.

పులుపు ఒక్కటే అయినా ఊరూరికీ దాని మూలం మారుతుంది. తెలంగాణలో పొయ్యి ముట్టించకుండానే పచ్చిపులుసు కలుపుతారు. కృష్ణా, గుంటూరు వైపు గోంగూర. ఉత్తరాంధ్రలో పులుసుకి బెల్లం తోడు. చుక్కకూర, చింతచిగురు, మామిడికాయ, వాక్కాయ, ఉసిరి, పుల్ల మజ్జిగ. ఎక్కడ ఏది పండితే అది. గోంగూర బాక్సు తెరిచినప్పుడు ఉత్తరాది సహోద్యోగులు ఎవరైనా రంగు చూసి తటపటాయిస్తారు. ఆకు పచ్చగా ఉండాలి కదా, ఇదేమిటిలా నల్లబడింది అని. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం నడుమ ఒక మెగ్నీషియం పరమాణువుంటుంది. గోంగూర ఉడకగానే దాని సొంత ఆమ్లం బయటికొచ్చి ఆ మెగ్నీషియాన్ని తోసేసి హైడ్రోజన్‌ను కూర్చోబెడుతుంది. వెంటనే పచ్చదనం పోయి ముదురు ఆలివ్ రంగు వస్తుంది. పాలకూరలో ఆమ్లం అంత లేదు కాబట్టి దాని పచ్చదనం ఎక్కువసేపు నిలుస్తుంది. గోంగూర రంగు పోయిందంటే పులుపు పని చేసిందన్నమాట. రంగు చూసి వెనకాడిన ఆ స్నేహితులే ఇప్పుడు ముందుగా చెయ్యి చాస్తున్నారు.

భీమవరం అబ్బాయి బాక్సు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చేపల పులుసు మర్నాటికి రుచి అని వాళ్ళ నాయనమ్మ మాటట. అందుకని ముందు రాత్రి వండి, ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తెస్తాడు. చెరువు చేపలు, శీలావతి అయినా బొచ్చె అయినా, ఒక్కోసారి మట్టివాసన వేస్తాయి. నీళ్ళలోని కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం చేప కొవ్వులో చేరడమే కారణం. తొలకరి చినుకు పడగానే నేలలోంచి లేచే కమ్మని వాసన కూడా ఈ జియోస్మిన్‌దే. మనిషి ముక్కు దీన్ని లక్షకోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా పసిగట్టేస్తుంది. వానలో హాయినిచ్చే వాసన చేపలో గిట్టదు. పుల్లటి ద్రవంలో జియోస్మిన్ నెమ్మదిగా విరిగి వాసనలేని పదార్థమవుతుంది. సముద్రపు చేప నీచువాసన ట్రైమిథైలమీన్‌ది. ఆమ్లం తగలగానే అది ఉప్పులా మారి గాల్లోకి లేవడం మానేస్తుంది. చెరువు చేపకైనా సముద్రపు చేపకైనా చింతపండే మందు. ఇక రాత్రంతా ఉంచడం వల్ల పులుపూ ఉప్పూ ముక్క లోపలిదాకా దిగుతాయి, చేప ఎముకల నుంచీ చర్మం నుంచీ వచ్చిన జిగురు పులుసును చిక్కబరుస్తుంది. కారంలోని ఘాటుపదార్థం కాప్సైసిన్ నూనెలో కరిగేదే కాబట్టి పైకి తేలిన నూనెతో పాటు అంతటా సర్దుకుంటుంది. నాయనమ్మ మాట అక్షరాలా నిజం. ఆఫీసు మైక్రోవేవ్ చుట్టూ ఆ వాసన ఆవరించి నలుగురూ తిరిగి చూస్తారు కాబట్టి అతను మాత్రం వేడి చెయ్యకుండానే తింటాడు. నిజానికి ఆ పులుసుకి వేడి అక్కర్లేదు కూడా.

ఇప్పుడు పప్పు. ఇది నా సొంత కష్టం. కొండాపూర్‌లో అద్దెకు దిగిన కొత్తలో ఆరు విజిల్స్ వచ్చినా కందిపప్పు పలుకుగానే ఉండేది. కుక్కర్ పాడైందనుకుని రబ్బరు మార్చాను, పప్పు దుకాణం మార్చాను. పక్క ఫ్లాట్ అక్క ఒకరోజు నా గోడు విని, "గీ బోరు నీళ్లకు పప్పు ఉడకదమ్మా. తాగే నీళ్లు పొయ్యి" అంది. ఆ రోజు నాలుగు విజిల్స్‌కే వెన్నలా మెదిగింది.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అంతా దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు మీద కూర్చుంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఇక్కడ గుండ్రాళ్ళ గుట్టలూ పొదలే ఎక్కువ. ఆ రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాల్ని కరిగించుకుంటుంది. అదే మన బోర్లలోకీ ట్యాంకర్లలోకీ వచ్చే గట్టినీరు. తాగునీటిలో ఈ గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేనిచోట 600 దాకా ఓర్చుకోవచ్చుననీ భారత ప్రమాణాలు చెబుతాయి. పప్పుగింజ కణాల్ని ఒకదానితో ఒకటి అతికించి ఉంచేది పెక్టిన్. వేడికి అది కరిగిపోతేనే పప్పు మెదుగుతుంది. కాల్షియం అందితే పెక్టిన్ గొలుసుల మధ్య వంతెనలు పడి అతుకు ఇంకా బిగుస్తుంది. ఆమ్లం కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. పప్పు మెదిగాకే చింతపండు వెయ్యాలన్న నియమం అందుకే. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక మూత లేని గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లోపల 120 దాకా వెళ్తుంది. ఈ గట్టినీళ్ళతో కుక్కర్ లేకుండా పప్పు వండాలంటే పొద్దున ఆఫీసు మాట మరిచిపోవలసిందే.

ఇంకో చిత్రం: పాత బియ్యం మంచిది, పాత కందిపప్పు మంచిది కాదు. కొత్త పప్పులో ఫైటిక్ ఆమ్లం కాల్షియాన్ని తన దగ్గరే పట్టి ఉంచుతుంది. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న పప్పులో అది విరిగిపోతుంది, విడుదలైన కాల్షియం వెళ్ళి పెక్టిన్‌ను పట్టుకుంటుంది. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. త్వరగా ఉడుకుతుందని పేరున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు మన ఊరికి వంద కిలోమీటర్ల దూరమే. కంది జన్యుపటం చిత్తుప్రతిని 2011లో ప్రపంచానికి అందించిన బృందానికి నాయకత్వం వహించింది పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్. ఐటీ కారిడార్‌లో ఉంటూ కందిపప్పు గురించి తెలియదనడానికి మనకు సాకు లేదు.

పప్పు ఉడకకపోతే చిటికెడు సోడా వేసేవాళ్ళున్నారు. పప్పు మెదుగుతుంది, నిజమే. క్షారానికి పెక్టిన్ తేలిగ్గా కరుగుతుంది. దానితోపాటు బీ1 విటమిన్, అంటే థయమిన్ నశిస్తుంది. దాని విలువ తెలుగువాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలియాలి? మర పట్టిన పచ్చిబియ్యం తిన్న కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరి పాతుకుపోయి ఉండేది. ఉప్పుడు బియ్యం తినేచోట్ల అది అరుదు. వడ్లను ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజ లోపలికి దిగడమే కారణం. ఆ జబ్బు మీద పరిశోధనకే 1918లో వైద్య పరిశోధకుడు రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక్క గదిలో ప్రయోగశాల మొదలుపెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. సోడా మానేసి మంచినీళ్ళు పోసుకుంటే పప్పూ ఉడుకుతుంది, విటమినూ మిగులుతుంది.

బాక్సు మూలలో కూర్చునే ఆవకాయ ముక్కకి ఆరు గంటలు ఒక లెక్కా? ఏడాదిని గెలిచి వచ్చింది అది. ఉప్పు నీటిని కట్టేస్తుంది, మామిడికాయ ఆమ్లం ఇస్తుంది, ఆవపిండిలోంచి పుట్టే ఘాటైన ఐసోథయోసయనేట్ బూజునీ బ్యాక్టీరియానీ తరుముతుంది, పైన నిలిచిన నూనె గాలిని తగలనివ్వదు. కోస్తావాళ్ళు నువ్వుల నూనే కావాలని పట్టుబట్టడానికి కారణముంది. నువ్వుల్లో సిసమిన్, సిసమోలిన్, సిసమాల్ లాంటి పదార్థాలు నూనె ముక్కిపోకుండా కాపాడతాయి. పొద్దుతిరుగుడు నూనెలో త్వరగా ఆక్సీకరణం చెందే కొవ్వామ్లాలు ఎక్కువ కాబట్టి జాడీలో అంతకాలం కమ్మగా ఉండదు. పల్లీ నూనె ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, అల్లం వెల్లుల్లి దట్టించిన తొక్కుకి దాని వాసన బాగా నప్పుతుంది. ఈ తగువులో నేను నువ్వుల నూనె వైపు, దాచుకోవడమెందుకు.

ఇదంతా తెలిసినా నా నాలుకకి గుంటూరు గోంగూరే ఎందుకు రుచిస్తుంది, కరీంనగర్ తమ్ముడికి పచ్చిపులుసే ఎందుకు ప్రాణం? పులుపుని పట్టే గ్రాహకం ఏదో 2018 దాకా తేలలేదు. నాలుక కణాల్లో ప్రోటాన్లను లోనికి పంపే ఓటాప్1 అనే ద్వారం అదని ఆ ఏడాది ఎమిలీ లైమన్ బృందం గుర్తించింది. ఆ ద్వారం మనందరిలోనూ ఒక్కటే. ఇష్టం మాత్రం అంతకుముందే మొదలవుతుంది. 2001లో ఫిలడెల్ఫియాలోని మొనెల్ సంస్థలో జూలీ మెనెల్లా బృందం చేసిన ప్రయోగంలో గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, ఘనాహారం మొదలుపెట్టాక క్యారెట్ రుచిని తక్కిన పిల్లలకంటే సంతోషంగా తీసుకున్నారు. ఉమ్మనీటిలోకీ పాలలోకీ రుచులు చేరతాయి. అమ్మ చేతి వంట అని మనం అనేదాన్ని మనం పుట్టకముందే రుచి చూస్తాం. మా బల్ల మీద ఏ గిన్నె ముందు ఖాళీ అవుతుందన్నది చాలావరకు ఆ నాటి లెక్కే.

చివరగా పెరుగన్నం. హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మ తెనాలి నుంచి ఫోనులో చెప్పేది: "అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక పాలు ఎక్కువ పొయ్యి తల్లీ. పెరుగు చిటికెడు చాలు. మధ్యాహ్నానికి అదే తోడుకుంటుంది." పొద్దునే నిండా పెరుగు కలిపితే ఒంటిగంటకి పళ్ళు పులుస్తాయి. పాలలో వేసిన ఆ కాస్త పెరుగులో కోట్ల కొద్దీ లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటాయి. పాలలోని చక్కెరని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తూ పీహెచ్‌ను 6.6 నుంచి కిందికి దించుకొస్తాయి. 4.6 చేరగానే పాలలోని కేసీన్ గట్టిపడి తోడుకుంటుంది. ఇదొక పందెం. ఇందాక చెప్పుకున్న సిద్ధబీజాలు మేలుకునేలోపు పులుపు ఆ హద్దు చేరాలి.

అమ్మ కొలత ప్రకారమే కట్టాను. ఆఫీసులో ఒంటిగంటకి మూత తీస్తే పాలన్నమే. వారమంతా అదే తంతు. అమ్మ లెక్క తప్పలేదు, నేను వదిలేసింది వేడి. తెనాలిలో పగలు ముప్పై ఐదు డిగ్రీలు, నా డెస్కు దగ్గర ఏసీ ఇరవై రెండు. ఆ చలికి బ్యాక్టీరియా మందకొడిగా కదులుతుంది, పందెంలో వెనకబడుతుంది. అప్పటి నుంచి చిటికెడుకి బదులు నిండు చెంచా పెరుగు వేస్తున్నాను. అన్నం ఇంకా నులివెచ్చగా ఉండగానే కలిపి, బాక్సుని తువ్వాలులో చుట్టి, ఏసీ గాలి తగలని కిటికీ పక్కన ఎండ పడే గట్టు మీద పెడుతున్నాను. నిన్న ఒంటిగంటకి మూత తీస్తే చెంచా నిలబడింది. శ్రీకాకుళం ఆవిడ సగం తీసుకుని, ఆనపకాయ పులుసు గిన్నె నా వైపు జరిపింది.